ఎవరి వైపు నుంచి వచ్చింది?



బిడ్డకు ఉన్న జబ్బు పుట్టుకతోనే వచ్చిందని, అది జన్యువుల్లో ఉందని డాక్టరు చెప్పగానే మన ఇళ్ళలో ముందుగా లేచే ప్రశ్న ఒకటే. "ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందండీ?" అడిగేది డాక్టరునే. చూపులు మాత్రం అప్పటికే బిడ్డ తల్లి మీదికి పోయి ఉంటాయి. "మా వంశంలో ఇలాంటిది ఎక్కడా లేదు" అన్న మాట మగపెళ్ళివారి నోట ఎంత తేలిగ్గా వస్తుందో, దాని కింద ఒక అమ్మాయి ఎన్నేళ్ళు నలుగుతుందో మీలో చాలామందికి తెలుసు. ఆ ప్రశ్నకు సైన్సు చెప్పే జవాబు ఇంత ఒంటిమాటగా ఉండదు. ఆ జవాబేమిటో ఈ పూట కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

చిత్తూరు, పలమనేరు వైపు వాళ్ళకు వేలూరు, గుడియాత్తం పరాయి ఊళ్ళు కావు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊళ్ళన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే, ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. పలమనేరు కొండల్లోంచి దిగే కౌండిన్య నది గుడియాత్తం మీదుగానే పోయి పాలారులో కలుస్తుంది. లుంగీల నేతకు, అగ్గిపెట్టెల తయారీకి పేరుపడ్డ గుడియాత్తంలోనూ, వేలూరు బజారు వీధుల్లోనూ తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలున్నాయి. రాష్ట్రాలు వేరైనా పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం ఆగలేదు. పెద్ద జబ్బు చేస్తే చిత్తూరు నుంచి బస్సెక్కో, కాట్పాడిలో రైలు దిగో అందరూ చేరుకునేది వేలూరు సీఎంసీ ఆసుపత్రికే. 1900లో ఐడా స్కడర్ దొరసాని ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం అక్కడ ఇవాళ జన్యుచికిత్స దాకా వచ్చింది. అందుకే ఈ మాటలు చెప్పడానికి ఆ ప్రాంతాన్నే ఎంచుకున్నాను.

బడిలో మనందరం మెండెల్ బఠానీ మొక్కల పాఠం చదివాం. పొడుగు మొక్క, పొట్టి మొక్క. ఒకటి బహిర్గత లక్షణం, రెండోది అంతర్గత లక్షణం. ఒక్కో జన్యువుకు తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. రెంటిలో బలమైనది పైకి కనబడుతుంది, రెండోది దాగి ఉంటుంది. 1865లో మెండెల్ చెప్పిన ఈ సూత్రం ఇవాళ్టికీ నిజమే. అయితే ఆయన ఎంచుకున్న లక్షణాలు ఇటో అటో తేటగా విడిపోయే రకం. మనిషి ఒంట్లో అలా తేటగా విడిపోయేవి తక్కువ. పదో తరగతి పాఠంతోనే మన ఇంటి కష్టాన్ని కొలవబోతే లెక్క తప్పుతుంది, ఆ తప్పు ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.

రక్తం గ్రూపుల సంగతే చూడండి. ఏ గ్రూపు జన్యువు ఒకటి, బి గ్రూపు జన్యువు ఒకటి వస్తే బిడ్డది ఏబీ గ్రూపు అవుతుంది. రెండూ పైకి కనబడతాయి, ఏదీ దేనికీ లొంగదు. ఇక్కడే మెండెల్ పాఠం కాస్త సడలింది. ఇంతకంటే పెద్ద చిక్కు 1952లో బొంబాయిలో బయటపడింది. డాక్టర్ భెండే, ఆయన తోటివారు లాన్సెట్ పత్రికలో ఒక కొత్త రకం రక్తాన్ని గురించి రాశారు. దానికే బాంబే గ్రూపు అని పేరు వచ్చింది. ఏ, బి గుర్తులు ఎర్రరక్తకణం మీద నిలబడాలంటే ముందు హెచ్ అనే పునాది పదార్థం ఉండాలి. దాన్ని తయారుచేయించే జన్యువు వేరే క్రోమోజోము మీద ఉంటుంది. ఆ జన్యువు రెండు ప్రతులూ చెడితే పునాది పడదు. అప్పుడు మనిషిలో ఏ జన్యువు గానీ బి జన్యువు గానీ ఉన్నా మామూలు పరీక్షలో 'ఓ' అనే వస్తుంది.

దీని పర్యవసానం ఆలోచించండి. తండ్రిది ఏబీ గ్రూపు. బిడ్డది 'ఓ' అని ల్యాబు కాగితం మీద ఉంది. బడి పాఠం ప్రకారం ఏబీ తండ్రికి ఓ బిడ్డ పుట్టడు. ఆ కాగితం పట్టుకుని ఏ మగాడైనా భార్యను అనుమానిస్తే, అతడు నమ్ముకున్న పాఠంలో సగమే ఉందన్నమాట. ఒక జన్యువు ఇంకో జన్యువు పనిని కప్పేయగలదు. బాంబే గ్రూపు చాలా అరుదు, నిజమే. కానీ ప్రపంచంలో మిగతా చోట్ల కంటే మన దేశంలోనే ఎక్కువ. మేనరికాలున్న కుటుంబాల్లో, ఇద్దరి దగ్గరా అదే చెడిన ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది కాబట్టి, ఇంకాస్త ఎక్కువ.

ఇప్పుడు తెలుగువాళ్ళకు మరీ దగ్గరి విషయానికి వస్తాను. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్లు స్కోలిన్ అని పిలిచే మందు ఒకటుంది. దాని పూర్తి పేరు సక్సినైల్ కోలిన్. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను కొద్దిసేపు పూర్తిగా సడలించాలి. ఈ మందు ఆ పని నిమిషంలో చేసేస్తుంది. రక్తంలో ఉండే బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని వెంటనే విరగ్గొట్టేస్తుంది కాబట్టి పది నిమిషాల లోపే మనిషి మళ్ళీ సొంతంగా ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము పనిచేయని మనిషికి ఇదే మందు ఇస్తే, పది నిమిషాల్లో పోవలసిన సడలింపు గంటల తరబడి ఉండిపోతుంది. ఊపిరి కండరాలు కదలవు. వెంటిలేటరు మీద ఉంచి, మందు ప్రభావం తగ్గేదాకా ఓపిగ్గా కాచుకుంటే మనిషి నిక్షేపంగా లేచి కూర్చుంటాడు. ఆ సంగతి గుర్తించకపోయినా, వెంటిలేటరు లేకపోయినా ప్రాణానికే ముప్పు.

ఈ ఎంజైము లోపం ప్రపంచమంతటా చాలా అరుదు. కానీ మన ఆర్యవైశ్యుల్లో అది చాలా ఎక్కువగా కనబడుతుందని మత్తు డాక్టర్లకు ఏనాటి నుంచో అనుభవం. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో బూపతి, మనోహరన్, విదేశీ సహచరులతో కలిసి దాని మూలాన్ని పట్టుకుని 2006లో ప్రచురించారు. ఆ ఎంజైము గొలుసులో 307వ స్థానంలో ఉండవలసిన ల్యూసిన్ బదులు ప్రోలీన్ వచ్చింది. అంతే, ఒక్క మార్పు. దానితో ఎంజైము దాదాపు లేనట్టే అయిపోతుంది.

ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసింది లేదు. హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో నేచర్ పత్రికలో భారతీయ జనసమూహాల చరిత్రను జన్యువుల నుంచి చదివి చూపించారు. నూరు తరాలకు పూర్వమే ఒక చిన్న గుంపు నుంచి వైశ్య సమూహం పెరిగిందని, అప్పటి నుంచి తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చారని అందులో తేలింది. ఆ తొలి గుంపులో ఒకరిలో ఉన్న చిన్న మార్పు వేల మంది వారసులకు చేరింది. మన దేశంలో ఇలా చిన్న గుంపుల నుంచి పెరిగిన కులాలు చాలా ఉన్నాయి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రకం మార్పు ఉంటుంది. వైశ్యుల దగ్గరిది బయటపడింది, అంతే తేడా. అది బయటపడటం వాళ్ళకు మేలే, తెలిసిన ముప్పును తప్పించుకోవడం తేలిక.

ఇప్పుడు చెప్పండి, ఈ లోపం బహిర్గతమా, అంతర్గతమా? ఒక్క ప్రతి చెడినవారి రక్తం పరీక్షిస్తే ఎంజైము సగానికి దగ్గరగా వస్తుంది. ల్యాబు లెక్కలో వాళ్ళు అటూ కారు, ఇటూ కారు, నడుమ నిలుస్తారు. ప్రమాదం మాటకొస్తే రెండు ప్రతులూ చెడినవాళ్ళకే ముఖ్యంగా చిక్కు, అంటే అంతర్గతంలాగే కనబడుతుంది. ఇంకా పెద్ద సంగతి ఏమిటంటే, రెండు ప్రతులూ చెడినవాళ్ళు కూడా ఆ మందు తగలనంత కాలం ఆరోగ్యంగా నూరేళ్ళు బతకగలరు. వాళ్ళకు జబ్బు లేదు. జన్యువు ఒక్కటే జబ్బు చేయలేదు, మందు ఒక్కటే చేయలేదు, రెండూ కలిసిన రోజునే గండం. వంశంలో ఎవరికీ లేదన్న మాట ఇక్కడ ఎందుకూ పనికిరాదు. వంశంలో ఎవరికీ ఆ మందు ఇచ్చి ఉండకపోవచ్చు.

మగవాళ్ళ నుంచి మగవాళ్ళకే వచ్చే లక్షణాలు ఉంటాయా అని కూడా అడుగుతుంటారు. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకే పోతుంది కాబట్టి ఉండాలి. పిఠాపురం నుంచి వచ్చిన ద్రోణంరాజు కృష్ణ, కలకత్తాలో ప్రఖ్యాత శాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర శిష్యరికం చేస్తూ, చెవి అంచు మీద పెరిగే వెంట్రుకల మీద పరిశోధన చేశారు. తెలుగు కుటుంబాల వంశవృక్షాలు గీసి, ఈ లక్షణం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు నడుస్తోందని, అది వై క్రోమోజోము మీదే ఉండి ఉంటుందని 1960లో రాశారు. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లోకి అది ఎక్కింది. మా తరం కాలేజీల్లో అదే చదువుకున్నాం. తరవాత డీఎన్ఏ చదివే విద్య వచ్చింది. దక్షిణ భారతంలో చెవి వెంట్రుకలున్న మగవాళ్ళ వై క్రోమోజోములను, లేనివాళ్ళ వాటితో పోల్చి చూసి, రెంటికీ సంబంధం కనబడలేదని 2004లో ఒక బృందం తేల్చింది. మగవాళ్ళలోనే కనబడే లక్షణమంతా వై మీదే ఉండనక్కరలేదు. గడ్డం జన్యువులు ఆడపిల్లల్లోనూ ఉంటాయి, వాటిని పనిచేయించే హార్మోన్లు వేరు. ద్రోణంరాజు పనికి ఇందువల్ల విలువేమీ తగ్గలేదని నా నమ్మకం. పరీక్షకు నిలబెట్టదగిన ఊహను ఆయన ఇచ్చారు, నలభై ఏళ్ళు దాని చుట్టూ పని జరిగింది.

ఆ ద్రోణంరాజే మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో మేనరికాల తీరును పరిశీలించి 1963లో ప్రచురించారు. వేలూరు సీఎంసీలో పి.ఎస్.ఎస్. సుందర్ రావు, ఇన్బరాజ్ వేలూరు పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇదే పనిని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. మేనమామను చేసుకున్నవాళ్ళు, మేనబావను చేసుకున్నవాళ్ళు, బయటి సంబంధం చేసుకున్నవాళ్ళు, అందరి కాన్పుల వివరాలూ రాసుకున్నారు. గర్భస్రావాలు, సంతానలేమి మేనరికాల్లో జనం భయపడినంత ఎక్కువగా లేవని వాళ్ళకు తేలింది. ఎన్నో తరాలుగా మేనరికాలు నడిచిన చోట, బాగా చెడ్డ జన్యువులు కొన్ని అప్పటికే రాలిపోయి ఉంటాయన్నది దానికి చెప్పే ఒక వివరణ. అయితే ఈ మాటను పట్టుకుని నిశ్చింతగా ఉండిపోకూడదు. ఊరి మొత్తం సగటు వేరు, ఒక ఇంటి సంగతి వేరు. ఇంట్లో ఒక చెడిన ప్రతి దాగి ఉందని తెలిసిన తరవాత మేనమామ, మేనకోడలు పెళ్ళాడితే ఆ ఇంటికి ముప్పు నిజంగానే పెరుగుతుంది.

హీమోఫీలియాలో ఇది మరీ కళ్ళకు కడుతుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు ఇది. కీళ్ళలోకి రక్తం దిగి, మోకాలు వాచి, బడికి పోలేక కూర్చున్న మగపిల్లలను వేలూరు రక్తవ్యాధుల విభాగంలో దశాబ్దాలుగా చూస్తున్నారు. జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ ఒకటే, అది తల్లి ఇచ్చినదే. కాబట్టి కొడుక్కు జబ్బు వస్తే తల్లి వల్లే వచ్చిందని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పులో చాలా తప్పుంది. జబ్బున్న పిల్లల్లో సుమారు మూడో వంతు మంది కుటుంబాల్లో అంతకు ముందు ఆ జబ్బు ఛాయ కూడా ఉండదు. అలాంటిచోట మార్పు ఆ బిడ్డలోనో, ఆ తల్లిలోనో కొత్తగా పుట్టి ఉంటుంది. తల్లికి మార్పు తన తండ్రి వీర్యకణంలో పుట్టి అందడం కూడా మామూలే. దానికి ఏ ఆడమనిషిని నిలదీస్తారు?

ఆడపిల్లలకు ఈ జబ్బు రాదన్న మాట కూడా పూర్తి నిజం కాదు. ఆడవాళ్ళ ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి పని మానేసి నిద్రపోతుందని 1961లో మేరీ లయన్ చెప్పారు. ఏది నిద్రపోతుందన్నది కణానికో తీరు. మంచి ఎక్స్ ఎక్కువ కణాల్లో నిద్రపోతే, మార్పును మోస్తున్న ఆ అమ్మాయికే నెలసరిలోనూ కాన్పులోనూ రక్తం విపరీతంగా పోవచ్చు. 'నువ్వు మోసేదానివే గాని నీకేం కాదు' అని చెప్పి పంపిస్తే ఆమెకు ప్రమాదం.

ఇక మన మేనరికం మాట. హీమోఫీలియా ఉన్న మగవాడి అక్క కూడా ఆ మార్పును మోస్తుండవచ్చు. ఆమె కూతురికి అది అంది ఉండవచ్చు. ఆ మేనకోడలినే ఇతనికి ఇచ్చి చేస్తే, పుట్టే ఆడపిల్లకు తండ్రి నుంచి తప్పకుండా ఒకటి, తల్లి నుంచి సగం సందర్భాల్లో ఇంకొకటి వస్తాయి. అలా రెండూ అందితే ఆడపిల్లే హీమోఫీలియాతో పుడుతుంది. మేనమామ పెళ్ళిళ్ళు లేని దేశాల పుస్తకాల్లో ఇది ఎక్కడో మూలన ఒక వాక్యంగా ఉంటుంది. మన చిత్తూరు, వేలూరు సీమల్లో పెళ్ళి మాట్లాడేటప్పుడే దీన్ని మాట్లాడుకోవాలి.

అదే వేలూరులో ఈ మధ్య ఒక గొప్ప పని జరిగింది. డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ నడిపించిన బృందం తీవ్రమైన 'ఏ' రకం హీమోఫీలియా ఉన్న ఐదుగురి రక్తమూలకణాలను బయటికి తీసి, వాటిలోకి పనిచేసే జన్యువును చేర్చి, తిరిగి వాళ్ళ ఒంట్లోకే పంపారు. పరిశీలించినంత కాలమూ ఆ ఐదుగురిలో ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దీన్ని ప్రచురించింది. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. మార్చింది రక్తకణాలనే, బీజకణాలను ముట్టుకోలేదు. తండ్రికి జబ్బు నయమైనా, అతని కూతుళ్ళందరికీ ఆ పాత ఎక్స్ అందుతుంది.

తల్లి నుంచి మాత్రమే వచ్చేవి వేరే ఉన్నాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలకు సొంత డీఎన్ఏ ఉంది, అది అండంతోనే బిడ్డకు చేరుతుంది. అందులో 1555వ అక్షరం మారినవారికి స్ట్రెప్టోమైసిన్, జెంటమైసిన్ లాంటి ఇంజెక్షన్లు ఇస్తే చెవుడు రావచ్చు. స్కోలిన్ కథే ఇక్కడ మళ్ళీ. ఇంకో వింత కూడా ఉంది. 15వ క్రోమోజోములో ఒక ముక్క పోతే, పోయింది తండ్రి ఇచ్చిన ప్రతిలోనైతే ఒక జబ్బు, తల్లి ఇచ్చిన ప్రతిలోనైతే పూర్తిగా వేరే జబ్బు వస్తుంది. అక్షరాలు అవే, ఎవరి నుంచి వచ్చాయో ఆ ముద్ర వాటి మీద ఉంటుంది.

మనకు అన్నిటికంటే ఎక్కువ ఎదురయ్యే షుగరు జబ్బు, బీపీ, ఎత్తు, ఒంటి రంగు, వీటికి ఒక జన్యువంటూ లేదు. వందల జన్యువులు తలా కొంచెం తోస్తాయి. వేలూరు పట్టణంలోనూ పల్లెల్లోనూ 1969 నుంచి 1973 దాకా పుట్టిన బిడ్డల బరువు, పొడవు సీఎంసీ వాళ్ళు జాగ్రత్తగా రాసి పెట్టారు. వాళ్ళు పెద్దయ్యాక, 1998 నుంచి 2002 మధ్యలో, రెండు వేల మందికి పైగా వెతికి పట్టుకుని షుగరు పరీక్ష చేశారు. పసితనంలో సన్నగా ఉండి, తరవాత వేగంగా ఒళ్ళు చేసినవాళ్ళకు షుగరు ముప్పు ఎక్కువని తేలింది. అమ్మ కడుపులో అందిన తిండి, చిన్నప్పటి ఎదుగుదల, పెద్దయ్యాక చేసే పని, వీటన్నిటికీ ఇందులో పాలు ఉంది. 'మా నాన్నకు షుగరుంది, నాకూ తప్పదు' అని చేతులెత్తేసేవాళ్ళు ఈ పల్లెల లెక్క ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇంతకూ మీతో చెప్పుకోవలసిన పని మాట ఉంది. ఇంట్లో జన్యువుల్లో నడిచే జబ్బేదైనా ఉంటే మూడు తరాల వంశవృక్షం ఒక కాగితం మీద గీసుకోండి. ఎవరు ఎవరిని చేసుకున్నారు, మేనరికాలెక్కడ, చిన్నప్పుడే పోయిన పిల్లలెవరు, అన్నీ రాయండి. తాతమ్మలను, మేనత్తలను అడిగితే చెబుతారు. వేలూరు సీఎంసీలోనూ, హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోనూ జన్యువైద్యుల సలహా దొరుకుతుంది. పెళ్ళికి ముందే వెళితే మరీ మంచిది. భార్యను ఒక్కదాన్నే పంపకండి, ఇద్దరూ వెళ్ళండి, ఇద్దరి రక్తమూ ఇవ్వండి.

మీ కుటుంబంలో ఎవరికైనా ఆపరేషను తరవాత ఊపిరి తిరిగి రావడానికి గంటలు పట్టిందని ఎప్పుడైనా విని ఉంటే, ఆపరేషను బల్ల ఎక్కకముందే ఆ మాట మత్తు డాక్టరుకు చెప్పండి. కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేస్తారు, అవసరమైతే స్కోలిన్ బదులు వేరే మందు వాడతారు. ఎంజైము తక్కువని తేలితే ఆ కాగితం జాగ్రత్తగా దాచుకుని, మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా పరీక్ష చేయించుకోమని చెప్పండి.